డియర్‌బార్న్‌లో లెబనీస్ భోజనం: శాకాహారులైన పెద్దవారితో వెళ్తున్నాం, సలహా కావాలి

కాంటన్ కోడలు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము మిషిగన్‌లో, డెట్రాయిట్‌కు పడమటి వైపున్న కాంటన్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. మా అత్తగారు, మామగారు తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండేళ్ళుగా మా వద్దనే ఉన్నారు. గడిచిన జనవరిలో అత్తగారు ఇంటి ముందు మంచు మీద జారి పడ్డారు. ఆ సమయానికి మామగారు మేడ మీద నిద్రపోతున్నారు, మేము ఆఫీసుల్లో ఉన్నాం. ఎదురింటి లెబనీస్ ఆవిడ చూసి పరుగున వచ్చి, తన కోటు విప్పి అత్తగారికి కప్పి, అంబులెన్సు వచ్చేదాకా ఆ చలిలో ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ రోజు నుంచి వారిద్దరూ అక్కచెల్లెళ్ళలాగా అయిపోయారు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆ కుటుంబం మమ్మల్ని డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బార్న్‌లో ఒక లెబనీస్ రెస్టారెంటుకు భోజనానికి పిలిచింది. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, కొడుకు కలిసి వారు నలుగురు, మేము ఐదుగురం. మా వారు, పిల్లవాడు కోడిమాంసం, వేటమాంసం తింటారు కానీ గొడ్డుమాంసం ముట్టరు. అత్తగారు, మామగారు, నేను శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఏ వంటకాలు మాకు సరిపోతాయో, ఏవి అడిగి తెలుసుకోవాలో చెప్పగలరు.

ఇంతకన్నా పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. అక్కడ పళ్ళేలన్నీ బల్ల మధ్యలో పెట్టి, అందరూ రొట్టె ముక్కలు ముంచుకుని తింటారని విన్నాను. మా అత్తగారికి ఎంగిలి పట్టింపు చాలా ఎక్కువ. కన్నకొడుకు తాగిన గ్లాసును కూడా కడిగితే గాని ఆమె ముట్టరు. వెళ్ళాలని ఆమెకే ఎంతో ఉంది, కాని "ఆ పిల్ల మనసు నొచ్చుకునేలా నేనేమైనా చేస్తానేమోనే" అని నిన్నటి నుంచి మథనపడుతున్నారు. అనుభవమున్నవారు దారి చూపగలరు.

గోదావరి గట్టు | సోమవారం, రాత్రి 10:25

తిండి సంగతి నేను చెప్తాను. మీరు అనుకుంటున్నంత కష్టమేమీ లేదు. లెబనీస్ భోజనంలో ముందుగా వచ్చే చిన్న చిన్న పళ్ళేలను మెజ్జే అంటారు. వాటిలో సగానికి పైగా శాకాహారమే ఉంటుంది. అక్కడి క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం మాని, ఆలివ్ నూనెతో వండుకునే కూరలు ఒక పెద్ద వరుసే ఉన్నాయి. కూర పేరు చివర "బిజ్జైత్" అని కనిపిస్తే, అది నూనెలో వండి చల్లారనిచ్చి వడ్డించేదని అర్థం. పచ్చి చిక్కుడుకాయలను టమాటా, వెల్లుల్లితో మగ్గించిన లూబియే బిజ్జైత్ అలాంటిదే. మీ మామగారు దాన్ని మన ఇంటి కూరే అనుకుంటారు.

ముతబ్బల్ తప్పక చెప్పండి. వంకాయను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, గుజ్జును నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లితో కలుపుతారు. మనం కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండు వేస్తే, వారు నిమ్మకాయ పిండుతారు. పొగ వాసన మాత్రం రెండింటికీ ఒకటే. అమెరికాలో చాలా మెనూల్లో దీన్నే బాబా గనూజ్ అని రాస్తారు. లెబనాన్‌లో ఆ పేరుతో పిలిచేదానిలో సాధారణంగా నువ్వుల ముద్దకు బదులు టమాటా, ఉల్లి, దానిమ్మ రసపు పాకం పడతాయి. మీకు ఏది వచ్చినా శాకాహారమే.

హమ్మస్ గురించి మీకు తెలిసే ఉంటుంది, శనగలు, నువ్వుల ముద్ద కలిపి నూరినది. అయితే మాంసం ముక్కలు పైన చల్లిన హమ్మస్ కూడా మెనూలో విడిగా ఉంటుంది కనుక చెప్పేటప్పుడు జాగ్రత్త పడండి. తబ్బూలేలో గోధుమ రవ్వ ఉప్మాలాగా నిండుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆకుల వంటకం. కొత్తిమీరలా కనిపించే పార్స్లీ ఆకు సన్నగా తరిగి గుట్టగా ఉంటే, రవ్వ పిడికెడు మాత్రమే ఉంటుంది. లబ్నే అంటే నీరంతా వార్చేసిన గట్టి పెరుగు. పైన ఆలివ్ నూనె, ఎండు పుదీనా వేసి ఇస్తారు. అత్తగారికి మిగతావి ఏవీ నచ్చకపోయినా లబ్నేతో రొట్టె తిని లేవగలరు.

వంటింటి కిటికీ | సోమవారం, రాత్రి 11:05

గోదావరి గట్టు గారి మాటలన్నీ నిజమే గాని, పేరు చూసి శాకాహారమని నమ్మవద్దని నా అనుభవం చెప్తోంది. నాలుగేళ్ళ కిందట మా అమ్మను ఒక చోటికి తీసుకెళ్ళి పప్పు సూపు తెప్పించాను. మెనూలో పేరు పక్కన ఆకు గుర్తు కూడా ఉంది. అమ్మ సగం గిన్నె తాగాక, వడ్డించే అబ్బాయి ఏదో మాటల మధ్య అది కోడి ఉడికించిన నీళ్ళతో కాచినదని చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి తలస్నానం చేసి, మరునాడు రాత్రి దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ తప్పు అడగని నాదేనని ఇప్పటికీ బాధపడుతుంటాను.

అందుకే మూడు విషయాలు ముందే ఫోన్ చేసి అడగండి. సూపులోను, సేమ్యా కలిపి వండే వారి అన్నంలోను వాడేది నీళ్ళా, మాంసపు రసమా? శనగ వడల్లాంటి ఫలాఫెల్ వేయించే నూనెలోనే, మాంసం, గోధుమ రవ్వ కలిపి చేసే కిబ్బే, కోడి ముక్కలు కూడా వేయిస్తారా? ద్రాక్షాకు చుట్టలు ఏ రకానివి? ఈ మూడోదానిలో నూనెతో చేసి చల్లగా ఇచ్చేవి బియ్యం, టమాటా, పార్స్లీతో నింపినవి. వేడిగా ఇచ్చేవాటిలో సాధారణంగా మాంసం ఉంటుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

వెల్లుల్లి ముద్ద ఒకటి తెల్లగా వెన్నలా బల్ల మీదికి వస్తుంది, దాన్ని తూమ్ అంటారు. అసలు పద్ధతిలో వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు తప్ప మరేమీ ఉండవు. కొన్ని వంటశాలల్లో మాత్రం అది విరగకుండా ఉండాలని గుడ్డు తెల్లసొన కలుపుతారు. మీరు గుడ్డు తిననివారు కనుక దాన్ని కూడా అడగండి.

నోవై నాన్న | మంగళవారం, ఉదయం 7:15

నా అభిప్రాయం వేరుగా ఉంది, తప్పుగా అనుకోవద్దు. డెబ్బై దాటిన మనుషులను ఇన్ని ప్రశ్నలతో, ఇన్ని అనుమానాలతో ఒక బల్ల ముందు కూర్చోబెట్టడం ఎందుకు? ఆ కుటుంబాన్నే మీ ఇంటికి పిలిచి, మీ అత్తగారి చేతి వంట పెట్టండి. కృతజ్ఞత చెప్పినట్టూ ఉంటుంది, పెద్దావిడకు ఇబ్బందీ ఉండదు. పెద్దల అలవాట్లను మార్చాలని చూడటం మన తరం చేసే పొరపాటు.

కాంటన్ కోడలు | మంగళవారం, ఉదయం 8:50

నోవై నాన్న గారూ, మీ మాటలోని శ్రద్ధ నాకు అర్థమైంది. ఇంటికి పిలవాలని మేమూ అనుకున్నాం. కాని వారు ముందు పిలిచారు. కష్టంలో మన చెయ్యి పట్టుకున్న మనిషి పిలిచినప్పుడు "మీరు రండి, మేము రాము" అనడం మా అత్తగారికే ఇష్టం లేదు. ఆమె అలవాటును మార్చాలని నేను కోరుకోవడం లేదు. ఆ అలవాటును కాపాడుకుంటూనే ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోవచ్చో తెలుసుకోవాలనుకుంటున్నాను.

పాత సైనికుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ప్రకాశం జిల్లా వాడిని, సైన్యం నుంచి పదవీ విరమణ చేసి ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ట్రాయ్‌లో ఉన్నాను. దక్షిణ లెబనాన్‌లో ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో 1998 నుంచి మన భారత సైన్యపు బెటాలియన్ ఒకటి పనిచేస్తూ వచ్చింది. అలా ఒక విడతలో నేను కొన్ని నెలలు అక్కడ ఉన్నాను. అందువల్ల ఈ ఎంగిలి సంగతి గురించి నేను చూసినది చెప్పగలను.

పల్లెల్లో పెద్దలు మమ్మల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి పెట్టేవారు. బల్ల మధ్యలో పళ్ళేలు ఉండటం నిజమే. అయితే వారి రొట్టె వాటం గమనించండి. పలుచని రొట్టెలోంచి ఒక్క ముద్దకు సరిపోయేంత చిన్న ముక్కను చింపి, దాన్ని దొప్పలా మడిచి, ఒక్కసారి మాత్రం గిన్నెలోంచి తీసుకుని, మొత్తం నోట్లో పెట్టుకుంటారు. కొరికిన ముక్కను మళ్ళీ గిన్నెలో ముంచడం వారి దృష్టిలో కూడా మర్యాద కాదు. ఒకసారి మాలో ఒక కుర్రవాడు తెలియక కొరికిన రొట్టెను ముంచితే, ఆ ఇంటి ముసలాయన ఏమీ అనకుండా అతని ముందు వేరే చిన్న గిన్నె తెచ్చి పెట్టాడు. మందలించిన మాట ఒక్కటీ లేదు, కాని మాకందరికీ అర్థమైంది. కాబట్టి ఎంగిలి అనే పట్టింపు మన ఒక్కరిదే అని అనుకోవద్దని మీ అత్తగారికి చెప్పండి.

ఇంకొకటి. అక్కడి వారికి ముజద్దరా అనే వంటకం ఉంది. నాకు తెలిసినంతలో అది మీ ఇంటి పెద్దలకు అన్నిటికన్నా బాగా సరిపోతుంది. మసూర్ గింజలను పొట్టుతో సహా ఉడికించి, బియ్యంతో కలిపి, నల్లబడేదాకా వేయించిన ఉల్లిపాయలు పైన వేస్తారు. దక్షిణాన బియ్యానికి బదులు లావు గోధుమ రవ్వ వేసి, ఉల్లిని ఇంకా ముదురుగా వేయించి, దానిలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళతోనే వండి ఎర్రగా చేస్తారు. డియర్‌బార్న్‌లో దక్షిణాది వారు ఎక్కువ కనుక ఆ రకం దొరికితే వదలవద్దు. పక్కన పెరుగు అడగండి. శీతాకాలం గస్తీ నుంచి వచ్చి ఆ వేడి ముజద్దరాను తిన్నప్పుడు మా అమ్మ చేసే పులగం గుర్తొచ్చి నాకు మాట రాలేదు.

గోదావరి గట్టు | మంగళవారం, సాయంత్రం 6:10

సైనికుడు గారూ, చాలా విలువైన మాట చెప్పారు. దానికి నేను ఒక చిన్న ఉపాయం కలుపుతాను. పళ్ళేలు రాగానే, ఇంకా ఎవరూ చెయ్యి పెట్టకముందే, ప్రతి దానిలోంచి రెండు చెంచాలు అత్తగారి పళ్ళెంలోకి మీరే వడ్డించండి. పెద్దవారికి ముందుగా వడ్డించడం వారి ఇళ్ళలోనూ గౌరవమే కనుక ఎవరికీ వింతగా అనిపించదు. మళ్ళీ కావాలంటే మరో గిన్నె తెప్పించడం సులువు. అయితే ఒక జాగ్రత్త: వారు అతిథి పళ్ళెం ఖాళీగా ఉంటే ఊరుకోరు, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. తినగలిగినంతే తిని, కొద్దిగా మిగల్చండి.

ఇద్దరు పిల్లల తల్లి | మంగళవారం, రాత్రి 9:20

మా పాపకు నువ్వులు పడవు కనుక ఇది రాస్తున్నాను. మీ తొమ్మిది మందిలో ఎవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే లెబనీస్ భోజనంలో చాలా జాగ్రత్త అవసరం. హమ్మస్, ముతబ్బల్, ఫలాఫెల్ మీద పోసే పులుసు, ఎండు ఆకులతో చేసే జఅతర్ పొడి, కొన్ని రొట్టెలు, కొన్ని మిఠాయిలు, ఇలా అన్నిటిలోనూ నువ్వులే. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ ఆహారాల మీద నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా తప్పనిసరిగా రాయాలి. అయితే వండి వడ్డించే పళ్ళేనికి ఆ చీటీ ఉండదు కనుక రెస్టారెంటులో నోరు తెరిచి అడగవలసిందే.

అలాగే ఫూల్ అనే బాకలా గింజల (ఫావా బీన్స్) వంటకం గురించి కూడా చెప్పాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారు ఆ గింజలు తింటే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఈ లోపం మన దేశంలోనూ కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. లెబనీస్ ఫలాఫెల్‌లో కూడా శనగలతో పాటు ఈ గింజలు కలపడం మామూలే. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు డాక్టరు ఆ మాట చెప్పి ఉంటే తప్పక గుర్తు చేసుకోండి.

బర్కస్ బాట | బుధవారం, ఉదయం 10:00

హైదరాబాదు నుంచి వచ్చిన బంధువులను తీసుకెళ్ళేవారికి నాదొక మాట. మనవాళ్ళకు అరబ్బు భోజనం అనగానే "మంది" అనే అన్నం, మాంసం కలిసిన పెద్ద పళ్ళెం గుర్తొస్తుంది. ఆ "మంది" వంటకం యెమెన్‌ది. నిజాం సైన్యంలో పనిచేయడానికి అక్కడి హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన వారి వారసులు హైదరాబాదులోని బర్కస్‌లో ఉంటున్నారు కనుక ఆ రుచి మన నగరానికి సొంతమైంది. లెబనీస్ వంట దారి వేరు. మసాలా ఘాటు తక్కువ, పులుపు ఎక్కువ, ఆకుకూరలు మరీ ఎక్కువ. "మంది" దొరుకుతుందని ఆశపడి వెళ్ళి నిరాశ పడకూడదు.

కాంటన్ కోడలు గారి పిల్లవాడికి షిష్ తావూక్ చెప్పండి. ఎముక లేని కోడి ముక్కలను వెల్లుల్లి, నిమ్మరసంలో నానబెట్టి నిప్పుల మీద కాలుస్తారు. గొడ్డుమాంసం తిననివారు కఫ్తా (నూరిన మాంసపు కబాబ్), కిబ్బే, మాంసపు షవర్మా అడగకుండా తినకూడదు. అవి గొర్రెమాంసంతోనూ చేస్తారు గాని, అమెరికాలో చాలా చోట్ల గొడ్డుమాంసంతో గాని, రెండూ కలిపి గాని చేస్తారు. మెనూలో "మాంసం" అని మాత్రమే ఉంటే అది ఏ జంతువుదో పేరు పెట్టి అడగాలి. గొర్రె కబాబ్ ముక్కలుగా వస్తుంది కనుక దానిలో అనుమానం తక్కువ. పచ్చి మాంసాన్ని రవ్వతో నూరి పెట్టే కిబ్బే నయ్యే కూడా ఆ బల్ల మీదికి రావచ్చు. అది వారికి గొప్ప విందు వంటకం. మీ వారు తినకపోయినా పర్వాలేదు, ముఖం మాత్రం చిట్లించవద్దని పిల్లవాడికి ముందే చెప్పి ఉంచండి.

తూమ్ గురించి వంటింటి కిటికీ గారు చెప్పారు కదా. మన ఊళ్ళో షవర్మాలో మయోనైజ్ కుక్కడం చూసినవారికి తూమ్ రుచి చూస్తే తేడా తెలుస్తుంది. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ వల్ల జబ్బులు వస్తున్నాయని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర దాన్ని ఏడాది పాటు నిషేధించింది.

రూజ్ పొరుగు | బుధవారం, రాత్రి 8:45

నేను డియర్‌బార్న్‌లోనే పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. భోజనానికి ముందు ఒక గంట మిగిలితే మిషిగన్ అవెన్యూ మీదున్న అరబ్ అమెరికన్ నేషనల్ మ్యూజియం చూడండి. అది 2005లో తెరిచారు. ఈ ఊరికి లెబనాన్ మనుషులు ఎందుకు వచ్చారో అక్కడ తెలుస్తుంది. ఫోర్డ్ కంపెనీ రూజ్ నది ఒడ్డున 1917లో మొదలుపెట్టిన పెద్ద కర్మాగారంలో పనికి వచ్చి, దాని చుట్టూ ఇళ్ళు కట్టుకున్నవారు తొలి తరం. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చినవారు తరువాతి వారు. వీరిలో దక్షిణ లెబనాన్‌లోని బింత్ జుబైల్ ఊరివారు, దాని చుట్టుపక్కల పల్లెలవారు చాలామంది. 2020 జనగణన ప్రకారం సుమారు లక్షా పదివేల మంది ఉన్న ఈ నగరంలో సగానికి పైగా జనం మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాల వారు. అందువల్ల ఇక్కడి రెస్టారెంట్లు ముఖ్యంగా తమ వారి కోసం వండుతాయి, రుచిని అమెరికన్ల కోసం పలుచన చేయవు. వారెన్ అవెన్యూ మీది అల్ అమీర్ రెస్టారెంటుకు 2016లో, వంటల రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వారి అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం వచ్చింది. ఒక వీధి భోజనశాలకు ఆ గౌరవం దక్కిన రోజు మా ఆఫీసులో లెబనీస్ సహోద్యోగులు మిఠాయిలు పంచారు.

మీకు ఆతిథ్యం ఇచ్చేవారితో యుద్ధం గురించి మీరుగా అడగవద్దు. చాలా కుటుంబాల్లో ఇప్పటికీ ఆ గాయాలు పచ్చిగానే ఉన్నాయి, ఊళ్ళో ఇంకా బంధువులున్నారు. ఊరి పేరు, అక్కడి తోటలు, అమ్మమ్మ వంటలు అడిగితే ఎంతో సంతోషంగా చెప్తారు. మీ పిల్లవాడికి మాట కలపడానికి ఒక విషయం చెప్తాను: 2010లో లెబనాన్ వంటవారు కలిసి 10,452 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. ఆ అంకె ఊరికే ఎంచుకున్నది కాదు, వారి దేశ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు.

భోజనం మొదలుపెట్టేటప్పుడు వారు "సహ్తేన్" అంటారు. రెండింతల ఆరోగ్యం కలగాలని దాని అర్థం. బిల్లు సంగతి మరొక ముఖ్యమైన విషయం. పిలిచినవారే ఇస్తారు, అందులో వాదన పనికిరాదు. మీ వారు మర్యాదకు ఒకసారి చెయ్యి చాపవచ్చు గాని, రహస్యంగా ముందే కట్టేస్తే వారిని చిన్నబుచ్చినట్టు అవుతుంది. బదులు తీర్చాలనుకుంటే ఒక పెట్టె మిఠాయిలతో వెళ్ళండి, తరువాత ఇంటికి పిలవండి. వారు ముస్లింలైతే, పెట్టెలోని వాటిలో మద్యం గాని, జెలటిన్ గాని లేకుండా చూసుకోండి.

నోవై నాన్న | బుధవారం, రాత్రి 9:30

ఇవన్నీ చదివాక, నేను నిన్న అన్నది తొందరపాటు అనిపిస్తోంది. సైనికుడు గారు చెప్పిన చిన్న గిన్నె సంగతి మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి మనల్ని కూడా తీసుకెళ్ళరా?" అని అడిగారు. కాంటన్ కోడలు గారూ, వెళ్ళి వచ్చాక తప్పక రాయండి.

కాంటన్ కోడలు | సోమవారం, రాత్రి 10:15

వెళ్ళి వచ్చాం. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఎదురుచూస్తున్నవారి కోసం కొంచెం వివరంగానే రాస్తున్నాను.

గురువారం నేనే రెస్టారెంటుకు ఫోన్ చేశాను. అవతలి పెద్దాయన ఓపికగా అన్నిటికీ జవాబిచ్చారు. వారి పప్పు సూపు నీళ్ళతోనే కాస్తారట, అన్నం మాత్రం కోడి రసంతో వండుతారట. ఫలాఫెల్‌కు వేరే నూనె మూకుడు ఉందని, తూమ్‌లో గుడ్డు వేయరని చెప్పారు. అడగకపోయి ఉంటే మేము ఆ అన్నం కచ్చితంగా తినేవాళ్ళం.

మేము చేరేసరికే వారు వచ్చి ఉన్నారు. ముందు ఊరబెట్టిన కూరలు వచ్చాయి. బీట్‌రూట్ ముక్కతో కలిపి ఊరబెట్టడం వల్ల గులాబీ రంగెక్కిన టర్నిప్ ముక్కలు చూసి మామగారు ముచ్చటపడ్డారు. వేడి రొట్టెలు బూరెల్లా పొంగి వచ్చాయి. గోదావరి గట్టు గారు చెప్పినట్టు వడ్డిద్దామని నేను చెంచా తీసుకునేలోపే, మా ఎదురింటి ఆవిడ వడ్డించే అబ్బాయిని పిలిచి ఏదో చెప్పారు. అతడు హమ్మస్, ముతబ్బల్, లబ్నే, లూబియే, నాలుగూ చిన్న గిన్నెల్లో తెచ్చి అత్తగారికి, మామగారికి, నాకు విడిగా పెట్టాడు. శాకాహారుల గిన్నెల్లో మాంసం తిన్న చెయ్యి పడకూడదని ఆవిడే ఆలోచించి పెట్టుకున్నారట. ఆసుపత్రిలో అత్తగారు పళ్ళెం తిప్పి తిప్పి చూసుకోవడం ఆవిడ గమనించారని అప్పుడు తెలిసింది. నేను వారం రోజులుగా ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని భయపడ్డానో, ఆవిడ కూడా వారం రోజులుగా మా కోసం అదే ఆలోచిస్తున్నారు.

ముజద్దరా సైనికుడు గారు చెప్పిన ఎర్రటి రవ్వ రకమే దొరికింది. మామగారు పెరుగు కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆలివ్ నూనె వాసన తమకు పడదని ఇంట్లో అన్నవారే, పప్పునూనె పోసుకున్నట్టుగా దాన్ని పైన పోసుకున్నారు. మా వాడు షిష్ తావూక్‌తో తృప్తి పడి, వారి అబ్బాయితో హమ్మస్ రికార్డు గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. తబ్బూలే పులుపు మాత్రం మా వారికి నచ్చలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది భోజనం మధ్యలో జరిగింది. వారి అత్తగారికి ఎనభై దాటాయి. ఆమె ఒక లేత లెట్యూస్ ఆకు తీసుకుని, దానిలో తబ్బూలే పెట్టి, చుట్టి, బల్ల మీదుగా వంగి తన చేత్తో మా అత్తగారికి అందించారు. నాకు గుండె ఆగినంత పనైంది. మా అత్తగారు కుడిచెయ్యి చాపి దాన్ని తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు. తరువాత తన గిన్నెలోని ముట్టని లబ్నేలో రొట్టె ముక్క అద్ది, దొప్పలా మడిచి, ఆమెకు అందించారు. ఆ ముక్కను ఎలా మడవాలో వారం రోజులుగా ఇంట్లో చపాతీతో నేర్చుకున్నారని నాకు ఆ తరువాతే తెలిసింది.

చివర్లో యాలకుల కాఫీ, బకలావా వచ్చాయి. పొరలు విప్పి చూసి మామగారు "ఇది మన తాపేశ్వరం మడతకాజాకు పెద్దన్న" అన్నారు. కాజాలో జీడిపప్పు లాంటివేవీ ఉండవు, దీనిలో పిస్తా ఉంటుంది. పొరలు వేసే ఓర్పు, పాకం పట్టే తీరు మాత్రం చాలా దగ్గర. బిల్లు గురించి మా వారు ఒక్కసారే చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు ఇంకో సలహా కావాలి. రెండు వారాల తరువాత వారు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. పెద్దావిడకు కారం బొత్తిగా పడదట. అత్తగారు గుత్తివంకాయ చేస్తానని పట్టుబడుతున్నారు.

పాత సైనికుడు | సోమవారం, రాత్రి 10:50

గుత్తివంకాయ చేయనివ్వండి. ఎండుమిర్చి తగ్గించి నువ్వులు, వేరుశనగలు, ధనియాలు ఎక్కువ వేయమనండి. వంకాయ, నువ్వులు వారికి చిన్నప్పటి రుచులు. పక్కన గట్టి పెరుగు పెట్టండి.

వంటింటి కిటికీ | సోమవారం, రాత్రి 11:20

పులిహోర కూడా చేయండి, వారు పులుపు ఇష్టపడతారు. పోపులో మిరపకాయలు తుంచకుండా అలాగే వేస్తే కారం దిగదు, కావలసినవారు తీసి పక్కన పెట్టుకోవచ్చు. పెద్దావిడకు మాత్రం మీ అత్తగారినే మొదట వడ్డించమనండి.